అడుగు దూరం

పెళ్ళయిన రెండో నెలలో నేనూ మా ఆయనా కలిసి పన్నెండు సాయంత్రాలు వంతెన రోడ్డు మీద సైకిళ్ళు తొక్కాం. అంత సంతోషంగా నేను అంతకు ముందెప్పుడూ లేను. చేసిన తప్పు కూడా ఆ పన్నెండు సాయంత్రాల్లోనే ఉంది. రెంటినీ విడదీసి చెప్పడం నాకు చేతకావడం లేదు. కలిపే చెబుతాను.

నేను పనిచేసేది ఇంజనీరింగు కాలేజీ వెనక రెండు గదుల్లో నడిచే రోడ్డు భద్రత విభాగంలో. ఒక గదిలో మా మేడమ్, రెండో గదిలో నేనూ, మూడు కాగితాలకోసారి నోరు మూసుకునే ఒక ప్రింటరూ. నాది ఏడాది ఉద్యోగం. బాగా చేస్తే పర్మనెంటు చేస్తామన్నారు. ఆ చలికాలం మొదట్లో ఒక కంపెనీవాళ్ళు మా దగ్గరకు కొత్తరకం సైకిల్ లైటు తెచ్చారు. మామూలు వెనక లైటులా మిణుకుమిణుకుమనడంతో ఊరుకోదు. సైకిలుకు రెండు పక్కలా రోడ్డు మీద రెండు ఎర్రటి గీతలు గీస్తుంది. సైకిలు ఎటు పోతే గీతలు అటు వస్తాయి. మన దారిని మనమే చుట్టచుట్టి వెంట తీసుకెళుతున్నట్టు ఉంటుంది. ఆ గీతలు చూసి కార్లవాళ్ళు సైకిలుకు ఎడంగా పోతారా లేదా అన్నది మేము తేల్చాలి.

పరీక్ష పద్ధతి రాసింది నేనే. సీటు కింద చిన్న సెన్సర్ పెట్టె ఉంటుంది. పక్కనుంచి కారు దాటినప్పుడల్లా అది ఎంత దూరంలో దాటిందో సెంటీమీటర్లలో రాసుకుంటుంది. ఒక వారం మామూలు లైటు, ఒక వారం గీతల లైటు, మళ్ళీ మామూలుది, మళ్ళీ గీతలది. సాయంత్రం ఆరున్నరకు, చీకటి పడ్డాక, అదే నాలుగు కిలోమీటర్లు. మూడో నిబంధన, నా వేళ్ళతోనే టైపు చేసినది: రైడరు ఒంటరిగా తొక్కాలి.

ముగ్గురు రైడర్లు కావాలన్నారు మేడమ్. పోస్టాయన ఒప్పుకున్నాడు. లైబ్రరీలో పనిచేసే ఒకావిడ ఒప్పుకుంది కాని, రెండో రోజుకే జలుబు చేసి మానేసింది. మూడో మనిషి మా ఆయన.

"ఇంటి మనిషేగా, డుమ్మా కొట్టడు," అన్నారు మేడమ్.

మా ఆయన కళ్ళజోళ్ళకు అద్దాలు అరగదీసే వర్క్‌షాపులో పనిచేస్తాడు. రోజూ ఆరింటికి పని దిగి ఆ వంతెన మీదుగానే ఇంటికొస్తాడు. మామూలు లైటు వారంలో నేను ఎప్పటిలాగే బస్సెక్కి ఇంటికి పోయాను. రెండో వారం మొదటి రోజు, గీతల లైటు ఎలా వెలుగుతుందో చూద్దామని నా పాత సైకిలు వేసుకుని వాళ్ళ వర్క్‌షాపు గేటు దగ్గర నిలబడ్డాను.

"ఏంటి పంతులమ్మా, తనిఖీకి వచ్చావా?" అన్నాడు బయటికొస్తూనే. లెక్కలు చూస్తాను కాబట్టి నన్ను పంతులమ్మా అంటాడు.

"తనిఖీ లేదు, గినిఖీ లేదు. ఒక్కసారి వెలిగించు, చూసి పోతాను."

వెలిగించాడు. నల్లటి రోడ్డు మీద రెండు ఎర్ర గీతలు పడ్డాయి. అతను కదిలాడు, గీతలు కదిలాయి. అతను గుంతను తప్పించుకుని వంకర తిరిగితే గీతలు కూడా నడుము తిప్పాయి. నాకు నవ్వాగలేదు. చిన్నప్పుడు కొత్త బూట్ల కింద దీపాలు వెలిగితే ఎంత సంబరమో అంత సంబరం. చూసి పోతానన్నదాన్ని పోలేదు. అతని వెనకే పడ్డాను.

పన్నెండు రోజులూ అంతే. ఒక చక్రమంత వెనకగా, ఒక మూరెడు బయటికి, గీత అంచు మీద నా ముందు చక్రం ఉంచి తొక్కేదాన్ని. జేబులో వేయించిన పల్లీలు ఉండేవి. వంతెన ఎత్తు ఎక్కేటప్పుడు అతను వెనక్కి చెయ్యి చాచేవాడు, నేను నాలుగు గింజలు పోసేదాన్ని. వర్క్‌షాపులో ఎవరి అద్దం పగిలిందో అతను చెబితే, ప్రింటరు ఏ కాగితం మింగిందో నేను చెప్పేదాన్ని. కార్లు వెనకనుంచి వచ్చి, మెల్లగా వేగం తగ్గించి, పెద్ద చుట్టు తిరిగి మమ్మల్ని దాటిపోయేవి. ఆ పెద్ద చుట్టు చూసి, "చూశావా, లైటు పనిచేస్తోంది!" అని నేనే అరిచాను. ఒకసారి కాదు, రోజూ అరిచాను.

నిబంధన గుర్తులేదా అంటే, ఉంది. మొదటి రోజే గుర్తొచ్చింది. నేను వెనక ఉన్నాను కదా, పెట్టె పక్కకు చూస్తుంది కదా, దానికి నేను కనపడను కదా అనుకున్నాను. నిజంగానే పెట్టెకు నేను కనపడలేదు. కార్లవాళ్ళకు కనపడ్డాను. ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు. తట్టనివ్వలేదేమో, ఇప్పుడు చెప్పలేను.

నెల పూర్తయ్యాక లెక్కలు వేశాను. మామూలు లైటుతో మా ఆయన్ని కార్లు సగటున నూట ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో దాటాయి. గీతల లైటుతో నూట అరవై ఐదు. పోస్టాయనకు నూట నాలుగు, నూట ఆరు. ఇద్దరిదీ కలిపి చూస్తే ముప్పై సెంటీమీటర్ల తేడా. అంటే అడుగు.

మేడమ్ కుర్చీలోంచి లేచి నా గదిలోకి వచ్చారు. ఆవిడ లేచి రావడం అదే మొదటిసారి.

"అడుగా? నిజంగానే?"

"అవునండి."

"పోస్టాయనకెందుకు రాలేదు మరి?"

"ఆయన మరీ అంచుకు రాసుకుంటూ తొక్కుతారండి. అందుకయ్యుంటుంది." నాకు ఆ సమాధానం ముందే సిద్ధంగా ఉంది. ఇష్టమైన అంకె చేతికొస్తే దాన్ని కాపాడుకునే మాటలు ఎక్కడినుంచో వాటంతటవే పుట్టుకొస్తాయి.

లైటు తిరిగివ్వడానికి వచ్చిన పోస్టాయన గుమ్మంలోంచే అది విన్నాడు. "అమ్మాయ్, నేను ఇరవై రెండేళ్ళుగా తొక్కుతున్నా. అంచుకు రాసుకుని తొక్కితే ఈపాటికి కాలవలో ఉండేవాణ్ణి. గీతలున్న రోజూ అంతే, లేని రోజూ అంతే. నాకేం తేడా కనపడలా."

"మీకు కనపడదు బాబాయ్, పెట్టెకు కనపడుతుంది," అన్నాను నవ్వుతూ. పెద్దాయన కూడా నవ్వి ఊరుకున్నాడు. అతని అనుభవాన్ని రిపోర్టు చివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం చేసి పెట్టాను.

రిపోర్టుతో పాటు ఒక పట్టిక జతచేయాలి. ఒక్కో రైడరుకూ రోజుకో వరస. తేదీ, వాన ఉందా, రోడ్డు పని ఉందా, కూడా ఎవరైనా ఉన్నారా. ఆఖరి గడిలో మొదటి వరసకు 'లేరు' అని కొట్టి, మౌసుతో పట్టుకుని కిందిదాకా లాగేశాను. నలభై ఎనిమిది వరసలూ 'లేరు' అయిపోయాయి. రెండు సెకన్ల పని. ఆ లాగడంలో నేనున్న పన్నెండు సాయంత్రాలూ కొట్టుకుపోయాయి.

రిపోర్టు రోడ్ల ఆఫీసుకు వెళ్ళింది. వాళ్ళ దగ్గర అప్పటికే ఒక ఫైలు నడుస్తోంది. వంతెన అవతల కుట్టు ఫ్యాక్టరీ ఉంది. అందులో పనిచేసే ఆడవాళ్ళు నలభై మంది సైకిళ్ళ మీద వస్తారు. వాళ్ళకోసం వంతెన మీద సైకిలు దారిని కార్ల దారినుంచి వేరుచేస్తూ నిలువు కమ్మీలు పాతాలా, లేక తలా ఒక గీతల లైటు ఇస్తే సరిపోతుందా? లైట్లయితే వారంలో పంచేయొచ్చు. కమ్మీలకు ఏడాది పడుతుంది. మా అంకె చూశాక లైటు వైపే మొగ్గారు. ఖాయం చేయడానికి శుక్రవారం పదకొండింటికి సమావేశం పెట్టుకుని, ఈలోగా నమూనాగా నలభై లైట్లూ ముందే ఇచ్చేయమన్నారు.

శనివారం వాటిని తీసుకెళ్ళడానికి ఫ్యాక్టరీ నుంచి ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. నలభై దాటిన మనిషి, భుజాన టేపు, జాకెట్టుకు గుచ్చిన గుండుసూదులు. ఆవిడ సైకిలుకు ఇత్తడి గంట, అది మోగితే వీధి చివరి కుక్క కూడా లేస్తుంది. అందుకే ఫ్యాక్టరీలో అందరూ గంటమ్మ అంటారట. ఆవిడే చెప్పింది.

"ఇది పెట్టుకుంటే కారు దూరంగా పోతుందంటగా?"

"అవునండి. సగటున ఒక అడుగు."

"ఏదీ, చూపించు."

నేను రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించాను. ఆవిడ నా చేతుల మధ్య ఖాళీని టేపు పెట్టి కొలిచింది. నవ్వుతాలుకు కాదు, నిజంగానే కొలిచింది.

"ఇంత ఎడం ఉంటే చాలమ్మా. ఇన్నాళ్ళూ ఆ వంతెన మీద కార్లకు జడిసి కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి పోతున్నాం. అరగంట ఎక్కువ. పిల్లల్ని బడిలో వదిలి వచ్చేవాళ్ళు, సాయంత్రం బడివాళ్ళు గేటు మూసేసేలోపు అందుకోలేక ఏడుస్తున్నారు. సోమవారం నుంచి వంతెన మీదే పోతాం." లేచి, నా మెడలోని కొత్త పసుపుతాడు చూసి, "కొత్త పెళ్ళికూతురివా? అందుకే మొహం అలా వెలిగిపోతోంది. లైటు నువ్వే కనిపెట్టావేమో అనుకున్నా," అంది.

ఆ మాటకు నేను రోజంతా గాల్లో తేలాను.

ఆదివారం సాయంత్రం మా అత్తయ్య నేల మీద ఉతికిన బట్టలు కుప్పపోసుకుని మడతలు పెడుతోంది. నేను దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. మా ఆయన మంచం మీద కాళ్ళు చాపుకుని, తను తొక్కిన తొక్కుడు వల్ల నలభై మంది ఆడవాళ్ళు ఎలా బాగుపడ్డారో వాళ్ళమ్మకు చెబుతున్నాడు. "అడుగు దూరం జరిగాయమ్మా కార్లు. నన్ను చూసి!"

"నిన్ను చూసా? నీ మొహం చూసి జరగడానికి అవేం కార్లురా," అంది అత్తయ్య. "మొగుడూ పెళ్ళాలు రోడ్డంతా పరుచుకుని, పల్లీలు తింటూ కబుర్లు చెప్పుకుంటూ పోతుంటే దూరం జరక్కేం చేస్తారు? లారీవాడైనా సిగ్గుపడి పక్కకు తప్పుకుంటాడు."

మా ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. దుప్పటి ఇంకా నా చేతిలోనే ఉంది.

"కొస వదులు తల్లీ, మడత పడట్లా," అంది అత్తయ్య.

వదల్లేదు. వదలాలని తెలియలేదు.

మా గదిలోకి వెళ్ళి తలుపు వేసి అతన్ని పిలిచాను.

"మామూలు లైటు వారాల్లో నేను నీతో వచ్చానా?"

"రాలేదుగా. చలి, బస్సే నయం అన్నావు."

"గీతల లైటు వారాల్లో?"

"రోజూ వచ్చావు." అతని నవ్వు సగంలో ఆగింది. "ఓహో."

"ఓహో అనకు."

"మరేమనను? అయితే కార్లు జరిగింది లైటు చూసి కాదా?"

"తెలీదు. లైటు చూసో, ఇద్దరున్నామనో. నేను చెడగొట్టాను. ఎందుకు జరిగాయో ఇప్పుడు ఎవరికీ తెలీదు."

అతను మంచం అంచున కూర్చున్నాడు. ఆ గదిలో మా ఇద్దరి తువ్వాళ్ళకూ ఒకటే కొక్కెం. అప్పటిదాకా అది చూస్తే నాకు హాయిగా ఉండేది. ఆ రోజు అటు చూడలేకపోయాను.

"రేపే మేడమ్‌కి చెప్పేస్తాను," అన్నాను.

"చెబుదువుగాని. కాని ఒకటి ఆలోచించు. ఏమని చెబుతావు? లైటు పనిచేయదనా? అదీ తెలీదుగా నీకు. నేను ఒక్కణ్ణే మళ్ళీ తొక్కుతా, గీతల లైటుతో. ఒకవేళ అప్పుడు కూడా అడుగు దూరం వచ్చిందనుకో? ఊరికే ఉద్యోగం పోగొట్టుకున్నట్టవుతుంది."

ప్రేమతో అన్న మాట. అందులో న్యాయం కూడా కొంత ఉంది. నేను దాన్ని మునిగేవాళ్ళు కర్రను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. లైటు నిజంగానే పనిచేస్తుందేమో! అప్పుడు నా తప్పు తప్పే కాకుండా పోతుందేమో! సోమవారం పొద్దున ఎవరికీ చెప్పకుండా బీరువాలోంచి సెన్సర్ పెట్టె తీసి సంచిలో వేసుకున్నాను.

సోమవారం సాయంత్రం అతను ఒక్కడే తొక్కాడు. నేను బస్సులో అతని కంటే ముందే ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ఆ బస్సు కూడా వంతెన మీదుగానే వచ్చింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు అంచున ఎర్ర గీతల జతలు వరసగా కనపడ్డాయి. పది జతలో, పదిహేనో. కుట్టు ఫ్యాక్టరీ వాళ్ళు. ఎంత అందంగా ఉందంటే, బస్సులో ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మను మోచేత్తో పొడిచి మరీ చూపించింది. నేను తల తిప్పుకున్నాను.

సగటు నూట పన్నెండు.

"ఒక్కరోజుది లెక్కలోకి రాదు," అన్నాను.

మంగళవారం నూట ఐదు. "రెండు రోజులు కూడా రావు," అన్నాను.

బుధవారం ఇంటికి వచ్చి సైకిలు స్టాండు వేయకుండా గోడకు ఆనించాడు. వంటింట్లోకి వెళ్ళి నిలబడే రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"మామూలే."

పెట్టెలోంచి కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాను. ముప్పై ఒక్క కార్లు. పందొమ్మిదో అంకె దగ్గర నా వేలు ఆగింది. నలభై రెండు. నలభై రెండు సెంటీమీటర్లు. నా మోచేతి నుంచి వేళ్ళ చివర్లదాకా కొలిస్తే అంత.

"ఇదేంటి?"

"ఏది?"

"నలభై రెండు."

"ఏదో వ్యాను. ఎదురుగా బస్సొచ్చింది, వాడికి చోటు లేదు. గాలి కొట్టిందంతే." గ్లాసు బోర్లించాడు. "గీతలు వాడి చక్రాల కింద పడ్డాయి పంతులమ్మా. గీతల్ని తొక్కుకుంటూనే పోయాడు. అంత దగ్గర్లో కూడా చక్కగా వెలుగుతూనే ఉన్నాయి."

నేను అతని చొక్కా పట్టుకుని ఏడ్చాను. అతను నా వీపు నిమురుతూ, నాకేం కాలేదుగా, నాకేం కాలేదుగా అంటున్నాడు. అప్పుడు కూడా నేను ఏడ్చింది మా ఆయన గురించే. నలభై మంది ఆ రోడ్డు మీదే ఉన్నారన్న సంగతి రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. గుర్తొచ్చి కూడా గురువారం చెప్పలేదు. నాలుగు రోజులైనా లేకపోతే లెక్క నిలవదని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగు రోజుల లెక్క కూడా నిలవదని నాకు తెలుసు. ఆ చదువే చదివాను.

గురువారం నూట ఏడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి మేడమ్ గదిలోకి వెళ్ళాను. ఆవిడ సమావేశానికి మంచి చీర కట్టుకుని, బొమ్మల కాగితాలు వరస పెట్టుకుంటున్నారు. మొదటి కాగితం మీద పెద్ద అక్షరాల్లో 'అడుగు దూరం' అని ఉంది.

నిలబడే మొత్తం చెప్పాను. గేటు దగ్గర నిలబడడం, వెనక తొక్కడం, మౌసుతో లాగడం, బీరువాలోంచి పెట్టె తీయడం. పల్లీల సంగతి కూడా చెప్పేశాను, అదెందుకో నాకే తెలీదు.

మేడమ్ కళ్ళజోడు తీసి కాగితాల మీద పెట్టారు.

"ఒంటరిగా తొక్కాలని రాసిందెవరు?"

"నేనేనండి."

"ఆ గడి నింపిందెవరు?"

"నేనే."

"కింద సంతకం పెట్టింది నేను. పోస్టాయన తేడా లేదని గుమ్మంలో నిలబడి చెబితే విన్నది కూడా నేనే. నాకూ ఆ అంకె నచ్చింది." ఫోను దగ్గరకు లాక్కున్నారు. "రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నామని రోడ్ల ఆఫీసుకు ఇప్పుడే చెబుతాను. కమ్మీల ఫైలు మూయొద్దని చెబుతాను. వాళ్ళు తిట్టే తిట్లేవో నేను పడతాను. నీ ఉద్యోగం సంగతి తరవాత చూద్దాం, ఇప్పుడు దాని గురించి నన్నడక్కు."

"అడగనండి."

"ఫ్యాక్టరీ దగ్గర మాత్రం నువ్వే చెప్పాలి. ఉత్తరం రాసి గేటుకు అంటించి రావడం కాదు. నోటితో చెప్పాలి. ఈ సాయంత్రమే."

ఆరింటికి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. మా ఆయన వస్తానన్నాడు, వద్దన్నాను. సైరన్ మోగింది. ఆడవాళ్ళు గుంపులుగా బయటికొచ్చి, షెడ్డులోంచి సైకిళ్ళు లాగి, లైట్లు వెలిగించుకుంటున్నారు. చీకటి పడ్డ ఆవరణలో నేలంతా ఎర్ర గీతలు ఒకదాని మీదొకటి పడి చిక్కులు పడ్డాయి.

"అరె, లైటమ్మాయి!" అంది గంటమ్మ నన్ను చూసి. "రండర్రా, లైటిచ్చిన అమ్మాయి వచ్చింది." అందరూ చుట్టూ చేరారు. ఒకామె నా బుగ్గ గిల్లింది కూడా.

"మీకొక మాట చెప్పాలి," అన్నాను. "నేను చెప్పిన అడుగు దూరం తప్పండి. ఈ లైటు పెట్టుకుంటే కార్లు దూరంగా పోతాయని నేను రుజువు చేయలేదు. పరీక్ష చేసేటప్పుడు మా ఆయన ఒక్కడే తొక్కాల్సింది. వెనకాల నేనూ తొక్కాను. ఇద్దరం ఉన్నామని కార్లు దూరంగా పోయుంటాయి. అతను ఒక్కడే తొక్కితే మామూలు లైటుకూ దీనికీ తేడా రాలేదు."

వెనకనుంచి ఒకామె, "అయితే లైటు తీసెయ్యాలా?" అంది.

"వద్దండి, ఉండనివ్వండి. చీకట్లో మీరు కనపడాలి, దానికి లైటు కావాలి. కాని మీరు కనపడినంత మాత్రాన కారు జరుగుతుందని కాదు. జరుగుతుందని నమ్మి..."

"నమ్మి నడిమధ్యన తొక్కుతున్నాం," అంది ఆమె. "గీతలున్నాయి కదాని ధైర్యంగా."

గంటమ్మ చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది. "వెనక నువ్వెందుకు తొక్కావు?"

అబద్ధం చెప్పడానికి ఏదీ తోచలేదు. "కొత్తగా పెళ్ళయిందండి. అతనితో వెళ్ళాలనిపించింది. గీతలు బాగున్నాయి."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒకామె, "పోనీలే పాపం," అంది. గంటమ్మ నవ్వలేదు.

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

నేను భయపడింది ఈ ప్రశ్నకే. ఆ ప్రశ్న మేడమ్ అడగలేదు, మా ఆయన అడగడు.

"ఆదివారం."

"ఇవాళేమిటి?"

"శుక్రవారం."

"ఐదు రోజులు." ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టలేదు. కేకలు వేయలేదు. "ఐదు రోజులు నీకు తెలిసే మేము వంతెన మీద పోయాం. మంగళవారం మా చిన్నదాని హ్యాండిలుకు కారు అద్దం తగిలింది. పడలేదు. పడలేదు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేదు."

చిన్నదంటే ఎవరో అని చూశాను. పక్కనే ఉంది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. నావైపు కాక నేలవైపు చూస్తోంది. నవ్వినవాళ్ళు నవ్వు ఆపేశారు.

"క్షమించమని అడగడానికి కూడా నాకు..." అన్నాను.

"అడక్కు. అది నాకెందుకు? నాకు కావలసింది ఒకటి చెప్పు." ఆవిడ దగ్గరకొచ్చింది. "ఇద్దరుంటే కార్లు జరిగాయన్నావు. అయితే మేము జతలు జతలుగా పోతే జరుగుతాయా? జరుగుతాయంటే చెప్పు, వంతెన మీదే పోతాం. పిల్లలున్నవాళ్ళకు ఆ అరగంట కావాలి."

నలభై మొహాలు నావైపు తిరిగాయి. అవును అనాలని నాకు ఎంతగా అనిపించిందో చెప్పలేను. అవునంటే నా తప్పులోంచే ఒక మంచి బయటికొచ్చినట్టు అవుతుంది. వాళ్ళకు అరగంట మిగులుతుంది. నా పన్నెండు సాయంత్రాలు నాకు మళ్ళీ దక్కుతాయి. గంటమ్మ మొహం మెత్తబడుతుంది. నా దగ్గర అంకె కూడా ఉంది, నూట అరవై ఐదు.

"తెలీదండి," అన్నాను. "ఒక్క మనిషి వెనక, ఒక్క మనిషి, పన్నెండు రోజులు. అది పరీక్ష కాదు. లైటు వల్లో, నా వల్లో, రెండూ కలిసో. కొలవకుండా చెప్పలేను."

"తెలీదు," అంది ఆవిడ, ఆ మాట బరువు చూస్తున్నట్టు. "మొన్న కూడా ఇదే చెప్పుంటే సరిపోయేది."

"అవునండి."

"కమ్మీల సంగతేమైంది?"

"ఫైలు మూయొద్దని మా మేడమ్ ఇవాళ చెప్పారు. కాని ఏడాది పడుతుందట."

గంటమ్మ తలాడించి వెనక్కి తిరిగింది. "విన్నారుగా. నేను గట్టు మీదుగా పోతున్నా. ఎవరిష్టం వాళ్ళది." సైకిలెక్కింది. చాలామంది ఆవిడ వెంటే కాలవ గట్టు వైపు తిరిగారు. నాకు ఎవరూ వెళ్ళొస్తామని చెప్పలేదు.

కొందరు కదల్లేదు. ఒకామె చేతి గడియారం చూసుకుంది. ఆరూ ఇరవై రెండు. "మా వాణ్ణి ఏడింటికల్లా బయట కూర్చోబెట్టేస్తారు," అని పక్కామెతో అంది, నాతో కాదు. పక్కామె కొంగు నడుముకు దోపుకుంది. వాళ్ళు వంతెన వైపు తిరిగారు. చిన్నది కూడా వాళ్ళలో ఉంది.

ఏడుగురు. గేటు దీపం కింద నిలబడి లెక్కపెట్టాను. నలభై మందిలో ఏడుగురు, అన్నీ తెలిసి, వేరే దారి లేక పోతున్నారు. మర్నాడు పొద్దున్నే మేడమ్ గది తలుపు తట్టి ముందుగా ఈ అంకె చెప్పాలనుకున్నాను. ఉద్యోగం ఉన్నా లేకపోయినా.